మూడో మడి

నవంబరు 4

మరదలు పిల్లకి,

నువ్వు పంపిన పార్సిలు అందింది. విప్పి చూస్తే నాలుగు చెక్క పలకలు, వాటి మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు. ఇంత దూరం నుంచి స్టాంపులు అంటించి పంపాల్సినవేనా ఇవి? నాలుగు దాకా లెక్క మాకూ వచ్చు.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని అడక్కు. ఫోను మోగగానే మీ అన్నగారు లాక్కుంటారు. మోటారు గురించి అరగంట చెప్పి, "మీ వదిన బాగానే ఉంది" అని పెట్టేస్తారు. కాగితమైతే ఆయన జోలికి రారు. చదవాలంటే కళ్ళజోడు కావాలి, కళ్ళజోడు కావాలంటే లేవాలి.

ఉల్లినారు నాటడం అయింది. నా కలుపు ముఠా ఆడవాళ్ళే నాటారు. నీ నాలుగు మడుల దగ్గరికొచ్చేసరికి పలకలు చూసి, "ఇక్కడ ఎవర్ని పూడ్చారు మేస్త్రీ?" అని అడిగారు. మా మరదలి చదువుని అని చెప్పాను.

నువ్వు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఒకటో మడికి ఎరువు వెయ్యకూడదు, కలుపు తియ్యకూడదు. రెండోదానికి ఎరువు లేదు గాని కలుపు తియ్యాలి. మూడోదానికి ఎరువు దండిగా వేసి, కలుపు మాత్రం ముట్టుకోకూడదు. నాలుగోదానికి రెండూ. అవునా? ఇది తెలుసుకోవడానికి ఒక వ్యవసాయ ఆఫీసు, దానికో మేడ, ఆ మేడ మీద నువ్వు. కలుపు తియ్యకపోతే ఏమవుతుందో నన్నడిగితే కాఫీ తాగే లోపల చెప్పేదాన్ని.

ఇంకో మాట. ఒకటో మడిని మోటారు గది వెనకాల పెట్టావు, బాగుంది. ఆ మూడోదాన్ని బాట పక్కనే పెట్టమన్నావేం? దాచుకోవాల్సినదాన్ని గుమ్మం ముందు పెట్టుకుంటామా?

ఇట్లు,
చెప్పింది చేసే మీ వదిన

నవంబరు 17

వదినా,

నా చదువుని పూడ్చిపెట్టావన్న కబురు అందింది. కాస్త లోతుగా పూడ్చావా, లేకపోతే అన్నయ్య మోటారు గుంతలాగా పైపైన గోకి వదిలేశావా?

మడులు ఎక్కడెక్కడ ఉండాలో చీట్లు తీసి నిర్ణయించాను. అలాగే చెయ్యాలి. ఎందుకని అడక్కు, చెప్పినా నీకు ఎక్కదు. నువ్వు కలుపు తియ్యడంలో దిట్టవే గాని ఇది వేరే పని. చెప్పింది చెప్పినట్టు చేస్తే చాలు.

ఇక్కడ నా సంగతి వింటే నీ నోరు మూతపడుతుంది. నాకిచ్చిన గదిలో కిటికీ ఒకటే, అది కూడా పక్కవాళ్ళ గోడకి తెరుచుకుంటుంది. రోజంతా ఎవరెవరి పొలాల నుంచో వచ్చిన గడ్డలు తూచడం, ఆరబెట్టడం, మళ్ళీ తూచడం. బట్టలకి ఉల్లి వాసన పట్టి, బస్సులో పక్క సీటు ఎప్పుడూ ఖాళీ. పెద్దసారు రోజుకోసారి వచ్చి తలుపు దగ్గర నిలబడి, "ఏమ్మా, కలుపుమందారం, బాగున్నావా?" అంటాడు. ఆయన పెట్టిన పేరే అది. కలుపు గురించి నేను ఎక్కువ మాట్లాడతానని.

ఆయనకీ నాకూ పందెం లాంటిది నడుస్తోంది. మన మడులు బాగా వస్తే నా మాట నెగ్గుతుంది. రాకపోతే ఆయన మాట అచ్చయి, ఉల్లి వేసే ప్రతి ఊరికీ చేరుతుంది. అది నీ ముఠాకి కూడా మంచిది కాదు. ఇంతకన్నా చెప్పను, వివరాలు నీకు అనవసరం. మడులు బాగా రావాలి, అంతే.

కొలతల పని అన్నయ్యకి అప్పగించాను. వారానికోసారి ఉల్లికాడ ఎత్తు కొలిచి రాయమను. అంతవరకైనా లేస్తాడని ఆశ.

తూకపు గది నుంచి,
నీ మరదలు

డిసెంబరు 12

వివరాలు అనవసరమైన వదిన వివరంగా రాస్తున్నది,

మీ అన్నగారు కొలుస్తున్నారు. కుర్చీ వేసుకుని, గొడుగు కింద కూర్చుని, స్కేలు నాచేత పట్టించి, "ఎంత?" అని అడిగి రాసుకుంటున్నారు. చేతిరాత ముత్యాల్లా ఉందని నువ్వు మెచ్చుకున్నావట. ఆ ముత్యాలు తప్ప ఆ మనిషిలో ఇంకేం లేదని పెళ్ళయిన వారానికే తెలుసుకున్నాను.

మూడో మడి సంగతి రాయాలంటే సిగ్గుగా ఉంది. నువ్వు వెయ్యమన్నంత యూరియా వేశాం. అది తిని తుంగ మోకాలి దాకా లేచింది. పాయలాకు పరుపు పరిచినట్టుంది. మధ్యలో ఉల్లి ఎక్కడుందో వెతుక్కోవాలి. నేను పాతికేళ్ళుగా ఊళ్ళో అందరి చేలలో కలుపు తీయిస్తున్నదాన్ని. పక్క చేను గొడుగాయన తెలుసుగా, నీడలో కూడా గొడుగు మడవని మనిషి, ఆయన బాట మీద ఆగాడు. ఆగి, చూసి, "మేస్త్రీ, మా గేదెని ఇక్కడ వదలమంటావా?" అన్నాడు. మర్నాడు ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చి చూపించాడు. "ఊరందరికీ వంట చేసే మనిషి ఇంట్లో పొయ్యి వెలగలేదు" అన్నాడు. నా ముఠాలో చిన్నది నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇంత పరువు తీసుకుని నీ మడి కాపలా కాస్తున్నా, "నీకు ఎక్కదు" అంటావు. ఎక్కకపోతే పోనీ. మడులు బాగా రావాలి, నువ్వు నెగ్గాలి, అంతేగా? ఆ పెద్దసారు నిన్ను పువ్వు పేరు పెట్టి వెక్కిరిస్తాడా? నీ మాట నెగ్గించే పూచీ నాది. నువ్వు ఆ గడ్డలు తూచుకో.

నోరు మూతపడని,
వదిన

జనవరి 8

వదినా,

ముక్తసరిగా రాస్తున్నాను, గది నిండా బస్తాలు. అన్నయ్య కొలతలు వస్తున్నాయి. మూడో మడిలో కాడల ఎత్తు డిసెంబరు మధ్య నుంచి ఒక్కసారి పెరిగినట్టు రాశాడు. స్కేలు తలకిందులుగా పట్టుకున్నాడా? సరిగ్గా చూడమను. నిన్ను కాదు, తననే చూడమను.

గొడుగాయన మాటలకి నువ్వు అంత ఇదవ్వడం చూస్తే నవ్వొస్తోంది. ఒక గేదె మాట అంటే పరువు పోతుందా? నీ పరువు కన్నా మా ఆఫీసు గుమ్మంలో డోర్‌మ్యాట్ గట్టిది.

నీ మరదలు

మార్చి 3

విజయం సాధించిన మరదలికి,

గడ్డలు తవ్వించి, ఆరనిచ్చి, నాలుగు మడులవీ వేరు వేరు బస్తాల్లో లారీకెక్కించాను. నువ్వు తూచేలోగా నా కళ్ళతో తూచింది చెబుతాను, విను. ఒకటో మడి వట్టిది, గడ్డలు పిల్లల ఆటకి పనికొస్తాయి. రెండోది ఫరవాలేదు, గడ్డ చిన్నదైనా గట్టిది. నాలుగోది చూస్తే కళ్ళు చల్లబడతాయి. ఇక నీ మూడోది ఉంది చూశావూ, నాలుగోదానికి ఏమాత్రం తీసిపోలేదు. బాట మీద పోసి ఆరబెట్టాను. గొడుగాయన వచ్చి ఒక గడ్డ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, పెట్టేసి వెళ్ళాడు.

ఇప్పుడు ఆ పెద్దసారు ముందు గర్వంగా నిలబడు. నీకు ఇంత పేరు తెచ్చిపెట్టిన వదినకి పైచదువులు లేవని కూడా చెప్పు.

నీ పరువు కాపాడిన,
వదిన

మార్చి 15

వదినా,

తూచాను. నువ్వు కళ్ళతో తూచిందే నిజం. మూడో మడి, నాలుగో మడి సమానం. తక్కెడ పాడయిందేమోనని ఇంకో తక్కెడ తెప్పించి మళ్ళీ తూచాను.

నేను ఓడిపోయాను.

పెద్దసారు కాగితం చూసి కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలేసుకుని, "చూశావా కలుపుమందారం, ఎరువుంటే చాలు, కలుపు తీసినా తియ్యకపోయినా ఒకటే" అన్నాడు. ఇన్నాళ్ళూ ఆయన చెబుతున్నది అదే. ఆ ముక్క నా చేత్తోనే రాయించాడు. ఇక్కడందరూ నాకు టీ ఇస్తూ చెంచా కూడా నవ్వుతున్నట్టు ఇస్తున్నారు.

ఇది జరిగే పని కాదు వదినా. ఎవరో వేలు పెట్టారు. అన్నయ్యే అయి ఉంటాడు. బద్ధకం కొద్దీ కలుపుమందు కొట్టేసి ఉంటాడు. నిజం చెప్పమను. ఒక మడిని దాని మానాన వదిలెయ్యడం కూడా చేతకాని మనిషి. వదిలెయ్యడం తప్ప జీవితంలో ఇంకేం చేశాడు గనక?

నీ మరదలు

మార్చి 24

అమ్మాయీ,

మీ అన్నగార్ని ఎన్నయినా అను, నేను అడ్డుపడను. కానీ చెయ్యని పనికి పేరు కట్టబెట్టకు. మందు కొట్టాలంటే డబ్బా వీపుకి తగిలించుకోవాలి. ఆయన వీపుకి మంచం తప్ప ఇంకేదీ తగలలేదు.

కలుపు తీసింది నేను. గొడుగాయన జనాన్ని వెంటబెట్టుకొచ్చిన మర్నాడు ముఠాని దించి, మూడో మడిని అద్దంలా చేయించాను. ఆ తర్వాత కూడా మొలక కనబడితే మొలక పీకించాను. మీ అన్నగారు అప్పుడు అక్కడే కుర్చీలో ఉన్నారు. ఆయన్ని ఉల్లి ఎత్తు కొలవమన్నావు, కలుపు సంగతి రాయమనలేదుగా. అందుకని రాయలేదట. ఒకటో మడి ఎవరికీ కనబడదు గనక నీ మాట ప్రకారమే వదిలేశాను.

మడులు బాగా రావాలన్నది నువ్వు. బాగా రప్పించాను. బాగా వస్తే నువ్వు ఓడిపోవడమేమిటి? పంట పండితే ఏడ్చేవాళ్ళని నా జన్మలో చూడలేదు. మీ ఆఫీసులో అందరూ ఇంతేనా?

తీసింది తీశానని చెప్పే,
వదిన

ఏప్రిల్ 2

వదినా,

నీ ఉత్తరం చదివి, మేడ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. తర్వాత లేచి నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. ఇప్పుడు కాగితం మీద తిడుతున్నాను.

ఉల్లి ఆకు సన్నం. నేలకి నీడ పట్టలేదు. ఖాళీ ఉన్నచోటల్లా కలుపు లేస్తుంది. అక్కడ ఎరువు వేస్తే ముందు తినేది కలుపే. కలుపు తియ్యని చేలో ఎరువు వేస్తే ఎరువూ పోతుంది, ఉల్లీ పోతుంది. ఇది నీకు తెలుసు, నాకు తెలుసు. పెద్దసారుకి తెలియదు, మాటతో చెబితే ఒప్పుకోడు. ఆయనకి చూపించడానికి ఆ మడిని పాడుపెట్టాను. అది పాడవ్వాలి వదినా. అది ఎంత పాడైతే నీ చేతుల పని విలువ అంత అని లెక్క తేలేది. నీ ముఠా విలువ కట్టడానికి వదిలిన మడి అది. దాన్ని నీ ముఠానే దించి శుభ్రం చేయించావు, ఒక గొడుగు ముందు తల ఎత్తుకోవడానికి. కూర్చున్న కొమ్మ నరుక్కునేవాళ్ళుంటారని విన్నాను గాని, నరికి, దాన్ని బాట మీద ఆరబెట్టి ఊరందరికీ చూపించినవాళ్ళని ఇప్పుడే చూశాను.

పెద్దసారు దగ్గరికి వెళ్ళి, మా వదిన కలుపు తీసేసిందండీ అని చెప్పాను. ఆయన నవ్వలేదు కూడా. "ఓడిపోయిన ప్రతివాళ్ళకీ ఒక వదిన ఉంటుందమ్మా" అన్నాడు. కాగితం అచ్చుకి వెళ్ళింది.

నీకు ముందే చెప్పి ఉంటే చేసేదానివి కాదేమో. అలా అనుకుని నన్ను నేను తిట్టుకుందామని చూశాను. కుదరలేదు, తిట్లన్నీ నీకే సరిపోయాయి.

నీ మరదలు

నవంబరు 20

అమ్మాయీ,

ఏడు నెలలు రాయలేదు. నువ్వూ రాయలేదు. ఎవరి పొగరు వాళ్ళం మోసుకున్నాం.

మీ ఆఫీసు కాగితం ఊళ్ళోకి వచ్చింది. పచ్చ రంగు కాగితం, పైన ఉల్లిపాయ బొమ్మ. ఎరువు ఎక్కువ వెయ్యండి, కలుపు కూలీల పని తగ్గించుకోండి అని ఉంది. గొడుగాయన దాన్ని నాకు చదివి వినిపించాడు. నాకు చదువు వచ్చని తెలిసే చదివాడు. "ఇది మీ ఆడపడుచు ఆఫీసుదేగా మేస్త్రీ?" అన్నాడు. ఈ ఏడు ఆయన కలుపుకి పిలవనన్నాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ పిలవలేదు. కాగితంలో ఉంటే గడ్డి తిని బతకమన్నా బతుకుతారు వీళ్ళు.

నా ఆడవాళ్ళు పొద్దున్నే అలవాటుకొద్దీ మా అరుగు దగ్గరికి వస్తున్నారు. కాసేపు కూర్చుని, కొడవళ్ళు ఒళ్ళో పెట్టుకుని, లేచి వెళ్ళిపోతున్నారు. "ఎందుకిలా అయింది మేస్త్రీ?" అని పెద్దామె అడిగింది. తెలియదన్నాను. నీ ఉత్తరం అప్పటికే నాకు కంఠతా వచ్చు.

నీ పలకలు దాచి ఉంచాను. మీ అన్నగారు పొయ్యిలో పెట్టబోతే ఆయన మీదికి కట్టె ఎత్తాను. మళ్ళీ నాలుగు మడులు కట్టి, అవే చోట్ల పాతాను. మూడోది బాట పక్కనే ఉంది. యూరియా వేశాను. మీ సారు ఒప్పుకుంటాడా, ఒప్పుకోడా, నాకు అనవసరం. నువ్వు తూస్తావా, లేదా?

వదిన

డిసెంబరు 1

వదినా,

సారు ఒప్పుకోలేదు. అయిపోయిన పెళ్ళికి మేళమెందుకన్నాడు. కానీ తక్కెడ ఉన్న గది తాళం నా దగ్గరే ఉంది. పంపు. తూచి ఆయన బల్ల మీద నేనే పెడతాను, ఉద్యోగం ఉంటే ఉంటుంది.

ఒక్కటే షరతు. నువ్వు ఆ మడిని ముట్టుకోకుండా ఉండలేవు. నీ సంగతి నాకు తెలుసు. బాట మీద ఎవరో తుమ్మితే చాలు, నీ చెయ్యి కొడవలి మీదకి పోతుంది. పంట కాలమంతా తల దించుకుని తిరగ్గలవా? నాకు నమ్మకం లేదు.

మరదలు

ఫిబ్రవరి 27

నమ్మకం లేని మరదలికి,

బస్తాలు లారీకెక్కించాను. మూడో మడిది బస్తా కాదు, చేతిసంచి. వేరే ఎక్కడో పడిపోయిందనుకుని వెతక్కు, అంతే పండింది. ఒకటో మడిది కూడా దానికన్నా బరువుంది.

ఈసారి ఏమన్నారో అన్నీ రాయను. గొడుగాయన నిజంగానే గేదెని తెచ్చి బాట మీద కట్టాడు. "కాగితం రాయించినావిడ వదిన గనక కాగితం ప్రకారం నడుస్తోంది" అన్నాడు. నేను తల దించుకుని వెళ్ళిపోయాను. నా నోరు అలా మూతపడగలదని నాకే తెలియదు.

దానికన్నా కష్టమైంది చెబుతాను. ఒకరోజు తెల్లారేసరికి నా ఆడవాళ్ళు మూడో మడిలో దిగి ఉన్నారు. పని లేక ఎండిపోతున్నవాళ్ళు, కూలి అడక్కుండా, నా పరువు చూడలేక వచ్చారు. పెద్దామె అప్పటికే ఒక వరస మొదలుపెట్టింది. నేను గట్టు మీద నుంచి అరిచాను. అంతమందినీ బయటికి రమ్మన్నాను. మేస్త్రికి మతి పోయిందని ముఖముఖాలు చూసుకున్నారు. అప్పుడు కూర్చోబెట్టి చెప్పాను, పోయినేడు మనం చేసిందేమిటో, పచ్చ కాగితం ఎక్కడి నుంచి వచ్చిందో. "నీ గొప్ప కోసం మా పొట్ట కొట్టావన్నమాట" అంది పెద్దామె. అవునన్నాను. ఆమె లేచి, పీకిన నాలుగు తుంగమొక్కల్ని మళ్ళీ ఆ గుంతల్లోనే గుచ్చి, చేత్తో మట్టి అదిమింది. ఒకటి చచ్చింది, మూడు బతికాయి. ఆ తర్వాత వంతులేసుకుని కాపలా కాశాం. కలుపు తీసి బతికే ముఠా కలుపుకి కాపలా కాసింది, రాసుకో.

గొడుగాయన చేను కూడా మూడో మడిలాగే అయింది. మొన్న వచ్చి, "ఆడవాళ్ళని పంపుతావా మేస్త్రీ?" అన్నాడు. ఇప్పుడు పీకితే తుంగతోపాటు ఉల్లి వేరు కూడా లేచి వస్తుంది, ఆలస్యమైపోయింది. ఆయన ముఖాన నవ్వుదామని ఏడాదిగా దాచుకున్న నవ్వు ఉంది నా దగ్గర. తీరా చూస్తే రాలేదు. గొడుగు మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఎండలో నిలబడ్డాడు.

మీ అన్నగారు ఈసారి కుర్చీలోంచి లేచి స్కేలు తనే పట్టుకున్నారు. కలుపు ఎత్తు కూడా కొలిచారు. ముత్యాల్లాంటి రాతతో రాశారు, లోపల పెడుతున్నాను.

చేతిసంచి విప్పి మీ పెద్దసారు బల్ల మీద కుమ్మరించు. గోలీకాయలంత గడ్డలవి, దొర్లి కింద పడతాయి, ఆయన్నే ఏరుకోమను. ఇది ఎవరి పని అని అడుగుతాడు. ఈసారి మా వదిన చెయ్యి పెట్టలేదని చెప్పు.

వదిన